క్షవరం బండికి వాడకం రుజువు

గల్ఫు నించి దిగినవాళ్ళు దుప్పట్లు తెస్తారు, సెంటుసీసాలు తెస్తారు, బావమరిదికో చేతిగడియారం తెస్తారు. అప్పలకొండ బండి తెచ్చాడు. అదీ కొత్తది కాదు. పద్నాలుగేళ్ళ పాత వ్యాను.

నీలం రంగుది. వెనక తలుపు తీస్తే లోపల తిరిగే కుర్చీ ఒకటి నేలకి బోల్టులతో బిగించి ఉంటుంది. ఎదురుగా అద్దం, పక్కన నీళ్ళ డ్రమ్ము, నెత్తి మీద చిన్న ఫ్యాను. ఎడారిలో రోడ్లు వేసే కూలీల క్యాంపులకు తిరుగుతూ అప్పలకొండ పన్నెండేళ్ళపాటు అందులోనే జుట్లు కత్తిరించాడు. యజమాని ముసలివాడై వ్యాపారం మూసేసుకుంటూ, "దీన్లో నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు, నువ్వే పట్టుకుపో" అని కాగితం రాసిచ్చేశాడు. ఆ కాగితం పట్టుకుని అప్పలకొండ ఏడ్చాడు. పదహారో ఏట కత్తెర పట్టింది మొదలు అతను నిలబడిందంతా ఇంకొకరి కుర్చీ వెనకే మరి.

వాళ్ళ ఊరి చుట్టూ పద్నాలుగు పల్లెలుంటే మంగలిషాపు ఒక్కదాన్లోనే ఉంది. కాళ్ళు కదలని ముసలివాళ్ళు గెడ్డాలు పెంచుకుని రుషుల్లా అరుగుల మీద కూర్చుని ఉంటారు. వాళ్ళ వాకిట్లోకే బండి తీసుకుపోవాలని అప్పలకొండ ఆశ. అతని భార్య నరసాయమ్మ అయితే బండి ఓడ దిగకముందే ఏ రోజు ఏ ఊరో పల్లెపల్లెకీ చెప్పి వచ్చేసింది. సోమవారం ఉప్పలపేట, బుధవారం గొల్లపాలెం, ఇలాగ. మంగళవారం సెలవు. మంగళవారం నాడు కత్తెర కింద తల వంచే మగాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

బండి గవ్వలరేవులో దిగింది. దిగిన ప్రతి పాత బండినీ అక్కడ వాడిన వాహనాల పరిశీలనా విభాగమనే ఆఫీసువాళ్ళు పరీక్షించి వదలాలి. తొంభై రోజుల్లోపల వదలమని కాగితం పుట్టకపోతే, యార్డు చివర ఒక యంత్రముంది. అది బండిని అప్పడంలా నొక్కేసి తుక్కు చేస్తుంది. దాన్ని నడిపే మనిషి చాలా చురుకైనవాడు. ఆ ఆఫీసు మొత్తానికి వేళకి జరిగే పని అదొక్కటే.

మొదట ఇనస్పెక్టరు వరాహమూర్తి వచ్చాడు. చంకలో నిబంధనల పుస్తకం ఉంది.

"స్టీరింగు చక్రము కుడివైపున ఉండవలెను," అన్నాడు.

అప్పలకొండ బండిలోకి తొంగిచూశాడు. గల్ఫు బండి కదా, చక్రం ఎడమవైపునే ఉంది.

వరాహమూర్తి పుస్తకం తిరగేశాడు. "'తనిఖీ అధికారి వాహనమునకు ఎదురుగా నిలబడి పరిశీలించవలెను' అని ఇక్కడ స్పష్టముగా ఉన్నది," అని వెళ్ళి బండి ముందు, దానికి ఎదురుగా నిలబడ్డాడు. అక్కణ్ణించి చూస్తే చక్రం అతని కుడిచేతి వైపే ఉంది. "కుడివైపుననే ఉన్నది. సరియైనది," అని టిక్కు పెట్టుకున్నాడు.

అప్పలకొండ రెండు చేతులూ జోడించాడు. "ఈ బాబు ఎనకాలకెల్లి నిలబడుంటే మన కొంప ములిగిపోను," అంది గేటు అవతల నించి నరసాయమ్మ మెల్లిగా.

అంత ధర్మాత్ములు ఉన్న ఆఫీసులో తన బండి రెండు రోజుల్లో బయటపడుతుందనుకున్నాడు అప్పలకొండ. నలభై రోజులు ఏ కబురూ లేదు. నలభై ఒకటో నాడు పిలుపొచ్చింది.

"సదరు వాహనము వాడినదని ఋజువేమి?" అన్నాడు వరాహమూర్తి.

అప్పలకొండకి ప్రశ్న అర్థం కాలేదు. అరిగిన టైర్లు చూపించాడు. సొట్టలు చూపించాడు. పన్నెండేళ్ళుగా కూలీలు కూర్చుని కూర్చుని గుంటపడ్డ కుర్చీ చూపించాడు. కుర్చీ వెనక తను నిలబడి నిలబడి నేల మీద రంగు పోయిన రెండు పాదాల జాడలు చూపించాడు.

"ఇవి అరుగుదల, సొట్ట, గుంట. వీనికి వేరే అధ్యాయమున్నది. నేనడిగినది వాడకము. 'వాడిన వాహనమనగా వాడుకలో ఉన్న వాహనము. పదిహేను దినములకు మించి వాడుకలో లేని యెడల అది వాడని వాహనము.' మీ బండి ఓడలో ఎన్ని దినములున్నది?"

"పంతొమ్మిది రోజులు బాబూ. సముద్రం మీద ఎలాగ నడపమంటారు?"

"అది సముద్రమునకు సంబంధించిన విషయము. మా వరకు ఇది వాడనిది. వాడని వాహనమును ఏమందురు?"

అప్పలకొండ మళ్ళీ అరిగిన టైరు మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"కొత్త వాహనమందురు," అన్నాడు వరాహమూర్తి. "పద్నాలుగేళ్ళ క్రితము తయారైన వాహనమును నేడు కొత్తదని తీసుకువచ్చుట మోసము. మోసపు సరుకు యంత్రమునకు పోవును."

"నాను కొత్తదని సెప్పలేదు బాబూ! పాతదనే సెప్తన్నాను, మీరే గదా కొత్తదంటన్నారు!"

"అదియే మాకును ఆశ్చర్యముగా ఉన్నది," అని వరాహమూర్తి సానుభూతిగా తలాడించాడు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, అబద్ధమాడడు, మధ్యాహ్నం కునుకు తియ్యడు. ఒక్క పుస్తకం చదువుతాడు, అంతే. అలాంటివాడి చేతిలో పడేకంటే దొంగ చేతిలో పడడం మేలని అప్పలకొండకి తరవాత తెలిసింది.

పుస్తకంలో దానికి విరుగుడు కూడా ఉంది. పోయిన వాడకాన్ని తిరిగి తెప్పించవచ్చు. యార్డులోనే ముప్ఫై రోజులపాటు, ఒక్కరోజు కూడా తప్పకుండా బండిని వాడి, వాడకం పుస్తకంలో రాయించుకోవాలి. ఒక్క రోజు తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నించి మొదలు. అయితే రిజిస్ట్రేషన్ లేని బండి యార్డులో కదలకూడదు.

"కదలకుండా ఎలాగ వాడతారు బాబూ?"

"మీ కాగితములలో దీనిని 'శిరోజ కర్తన వాహనము' అని రాసియున్నారు. కావున శిరోజములను కత్తిరించిన అది వాడకమే. కదలనక్కరలేదు."

అప్పలకొండ ముఖం విప్పారింది. జుట్టు కత్తిరించడమేగా! ఆ పని అతను నిద్రలో లేపినా చేస్తాడు. ఈ ఉత్తర్వు బల్ల మీదకి రావడానికి మరో పదిహేడు రోజులు పట్టింది. సరిగ్గా ముప్ఫై రెండు రోజులు మిగిలాయి.

బయటివాళ్ళు యార్డులోకి రాకూడదు. కనక కత్తిరించాల్సింది ఆఫీసువాళ్ళ తలలే. మొదటి రోజు గుమాస్తా ఒకడు, రెండో రోజు కాపలాదారు వచ్చి శుభ్రంగా చేయించుకుని పోయారు. మూడో నాడు పొద్దున్నే వరాహమూర్తి వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతూ వచ్చాడు.

"తలల కొరత ఏర్పడు సూచనలున్నవి," అన్నాడు. "దినములు ఇరవై ఎనిమిది మిగిలినవి. తలలు పద్నాలుగే ఉన్నవి."

పైఅధికారిని పక్కన పెడితే మొత్తం పదహారుమంది మగవాళ్ళలో ఇద్దరివి అయిపోయాయి. ఆడవాళ్ళు ఇద్దరున్నారు గానీ, "నా జడ జోలికొస్తే పైకి రాస్తాను" అని టైపిస్టు కామాక్షి ముందే లిఖితపూర్వకంగా ఇచ్చేసింది. రెండోవారు ఆమె సంతకం కిందే సంతకం పెట్టారు.

వరాహమూర్తి ఆ రోజంతా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి కళ్ళు మెరుస్తూ లేచాడు. ఒక తలని ఒకే రోజులో పూర్తి చెయ్యాలని ఏ నిబంధనలోనూ లేదు! ఒకరోజు సగం, ఒకరోజు సగం. పద్నాలుగు తలలు, ఇరవై ఎనిమిది సగాలు. అతికినట్టు సరిపోయింది. తొలి సగం ఆ సాయంత్రమే తనదే ఇచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏకరూపత పాటించాలి గనక ముందు అందరి ఎడమ భాగాలూ, అవన్నీ అయ్యాక అందరి కుడి భాగాలూ తియ్యాలని సర్క్యులర్ వెళ్ళింది. దాంతో ఒక్కొక్కడూ రెండేసి వారాలు సగం తలతో తిరగాల్సి వచ్చింది. ఎడమవైపు పోలీసులా, కుడివైపు సినిమా వేషంలా ఉన్న మనుషులు గవ్వలరేవు బజార్లో కూరగాయలు బేరమాడుతుంటే, ఊళ్ళోవాళ్ళు ఇదేదో కొత్త మొక్కు అనుకున్నారు. ఏ దేవుడికో కనుక్కుని తామూ మొక్కుకున్నవాళ్ళు ఇద్దరు తేలారు. ఒక జూనియర్ గుమాస్తా పెళ్ళిచూపులకి వెళ్ళి ఆసాంతం కుడిచెంప ఒక్కటే చూపిస్తూ గోడవైపు ఒరిగి కూర్చున్నాడు. పిల్లాడికి సిగ్గెక్కువని ఆడపెళ్ళివారు ముచ్చటపడ్డారు.

ఇంతలో మంగళవారం వచ్చింది.

"నాను సెయ్యను బాబూ," అన్నాడు అప్పలకొండ. "మా తాత సెయ్యలేదు, మా అయ్య సెయ్యలేదు. మంగలారం కత్తెర పట్టను."

చేయించుకోవాల్సినవాడు అంతకంటే గట్టిగా నిరాకరించాడు. తల్లి ఉంది, పిల్లలున్నారు, ప్రమోషన్ ఉంది. చేయకపోతే లెక్క మళ్ళీ ఒకటి నించి మొదలు. వరాహమూర్తి పరుగున పైఅధికారి గదిలోకి వెళ్ళాడు. పైఅధికారి జాయింటు డైరెక్టరు కోదండపాణి. గంభీరమైన మనిషి, గది దాటి బయటికి రాడు. పదకొండు గంటలకు ఉత్తర్వు వచ్చింది.

"పరిపాలనా సౌలభ్యము నిమిత్తము, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఈ కార్యాలయ ఆవరణలో మంగళవారములను బుధవారములుగా పరిగణించవలెను."

అది విని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అప్పలకొండ బుర్ర గోక్కుని కత్తెర తీశాడు. బుధవారం నాడు జరగాల్సిన తుక్కు వేలం ఆ వారం రెండుసార్లు జరిగింది. మంగళవారం ఉపవాసముండే క్యాషియరు గేటు బయట పస్తుండి, గేటు లోపల ఇడ్లీ తినడం మొదలుపెట్టాడు.

ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, యార్డులో ఉన్న మిగతా పాత బండ్లకి కూడా ఇదే వర్తింపజేశారు. మూల పడున్న అంబులెన్సులో రోజుకొకరు వెళ్ళి గంటసేపు మూలుగుతూ పడుకోవాలి. పడుకున్నవాళ్ళకి ఆ గంట సెలవు లెక్కలోకి రాదు గనక దానికి మంచి గిరాకీ ఉండేది. దాని పక్కన ఒక శవాల బండి కూడా ఉంది. ఆ ఫైలు మాత్రం పెండింగులోనే ఉంది.

ఎనభై ఎనిమిదో రోజుకి ముప్ఫై వాడకాలూ పూర్తయ్యాయి. ఆఖరి కుడి సగం తీసేసి, గుడ్డ దులిపి, అప్పలకొండ కుర్చీకి దండం పెట్టుకున్నాడు. నరసాయమ్మ గేటు బయట కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. ఇక మిగిలింది కోదండపాణిగారి సంతకం ఒక్కటే.

ఎనభై తొమ్మిదో నాడు వరాహమూర్తి పాలిపోయిన మొహంతో వచ్చాడు. పుస్తకంలో పదకొండో నిబంధన తెరిచి చూపించాడు. "ధ్రువీకరించు అధికారి సదరు వాహనమును దాని నిర్ణీత ప్రయోజనము నిమిత్తము స్వయముగా వాడి, తృప్తి చెందవలెను."

"ఐతే రమ్మనండి బాబూ! పావుగంట పని," అన్నాడు అప్పలకొండ.

వరాహమూర్తి తన నడినెత్తిని అరచేత్తో నున్నగా నిమిరి, పైఅధికారి గదివైపు కళ్ళు తిప్పాడు. ఆ పావుగంట పనికి అడ్డేమిటో కోదండపాణిని ఒక్కసారి చూసినవాళ్ళకి ఎవరికైనా తెలుస్తుంది. ఆయన తల మీద వెంట్రుకన్నది లేదు. పద్దెనిమిదేళ్ళుగా లేదు. ఆ సంగతి ఆయన దగ్గర ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఆఫీసులో గుండుసూదిని కూడా పిన్ను అనే అంటారు.

"గెడ్డం గీత్తాను బాబూ, మెత్తగా గీత్తాను."

"కాగితములలో శిరోజమని ఉన్నది. గడ్డము శిరోజము కాదు."

"మరి ఫైల్లో ఏటి రాసేరు?"

వరాహమూర్తి చూపించాడు. రాత్రింబవళ్ళు ఆలోచించి రాసినట్టుంది. "గౌరవ అధికారివారి శిరస్సునందు ప్రస్తుతము ఖాళీలు ఉన్నందున, భర్తీ అయిన పిదప పరిశీలించవచ్చును."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం లోకంలో ఉన్నదే. బోడిగుండుకీ బండికీ ముడిపెట్టిన ఘనత మాత్రం ఈ ఆఫీసుదే. మర్నాడు పది గంటలకి తొంభై రోజులు నిండుతాయి. యంత్రం నడిపేవాడు అప్పుడే వచ్చి నీలం బండి పొడుగూ వెడల్పూ టేపుతో కొలుచుకుని వెళ్ళాడు. అది చూసి అప్పలకొండ నేల మీద చతికిలబడ్డాడు. పన్నెండేళ్ళ ఎండ, పద్నాలుగు పల్లెల ముసలివాళ్ళు, నరసాయమ్మ ఇచ్చేసిన మాట, అన్నీ ఆ టేపులో చుట్టుకుపోయినట్టనిపించింది అతనికి.

గేటు ఊచల్లోంచి నరసాయమ్మ అంతా వింది.

"అలాగ కూలబడిపోతే ఏటవుతాది? ఆ బాబుని ఓపాలి తెచ్చి కుర్చీలో కూకోబెట్టు."

"కూకోబెట్టి ఏటి కత్తిరించనే?"

"జుట్టు లేదని నీకు అవుపిస్తన్నాది. కళ్ళు మూసుకుంటే ఆయనకేటి అవుపిస్తాది? కుర్చీలో కూకున్నోడు ఎవుడైనా కళ్ళు మూసుకుంటాడు."

అప్పలకొండ లేచి మొహం కడుక్కుని, తిన్నగా జాయింటు డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు. చీటీ పంపలేదు, ఎవరినీ అడగలేదు.

"బాబూ, రండి. మీకు కటింగు సెయ్యాల."

వెనకాలే పరుగెత్తుకొచ్చిన వరాహమూర్తి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. కోదండపాణి కళ్ళజోడు తీసి అప్పలకొండని పైనించి కింద దాకా చూశాడు. ఆ మాట ఆయనతో ఎవరైనా అని పద్దెనిమిదేళ్ళయింది.

"అట్లే కానిమ్ము," అని లేచాడు.

బండిలో కుర్చీ ఆయన కింద కిర్రుమంది. అప్పలకొండ ఉతికిన గుడ్డ తీసి మెడ చుట్టూ కట్టాడు, బిగువుగా ఉందా అని అడిగి ఒక వేలు సందు వదిలాడు. నీళ్ళు చిలకరించాడు. దువ్వెన తీసి నుదుటి నించి మెడ దాకా, ఎక్కడ పాపిడి ఉండాలో అక్కడ పాపిడి తీసినట్టుగా, పళ్ళు తగలకుండా లాగాడు.

"మీడియమా బాబూ, పొట్టిగానా?"

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. "మీడియమే."

కత్తెర ఆడటం మొదలైంది. చెవి పక్కనించి, మెడ మీదనించి, నడినెత్తి మీదనించి గాల్లో కిచకిచమంటూ తిరిగింది. అప్పలకొండ దొంగపని చెయ్యలేదు. కూలీల తలలకి ఎంత శ్రద్ధ పెట్టాడో అంతే పెట్టాడు. చెవి మడతపెట్టి దాని వెనక సరిచేశాడు, రెండు చెంపలూ సమానంగా వచ్చాయా అని తల పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. "అమ్మాయిలెంతమంది బాబూ?" అని అడిగాడు. ఇద్దరన్నాడాయన. పెద్దమ్మాయి సంగతి మొదలుపెట్టి, ఆ అల్లుడి సంగతి చెప్పి, నడుంనొప్పి దాకా వచ్చి, మాట మధ్యలో కళ్ళు మూసుకున్నాడు.

ముందురోజుల్లో తీసిన కుడి సగాల జుట్టు మూల డబ్బాలో ఇంకా ఉంది. నల్లటి జుట్టు. అప్పలకొండ చప్పుడు కాకుండా ఒక పిడికెడు తీసి ఆయన భుజాల మీదా, ఒళ్ళోనూ పడేలాగ చల్లాడు. పౌడరు అద్దాడు. మెడ మీద రెండు దరువులేసి, చేతి అద్దం వెనక పట్టుకున్నాడు.

"అయిపోనాది బాబూ. సూసుకోండి."

కోదండపాణి కళ్ళు తెరిచాడు. గుడ్డ మీద జుట్టుంది. ఎవరిదో ఆయనకి తెలీకుండా ఉంటుందా? అయినా రెండు వెంట్రుకలు వేళ్ళ మధ్య తీసుకుని నలిపి చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. పౌడరు పడిందన్నాడు.

"తృప్తి చెందితిమి," అన్నాడు.

వరాహమూర్తి గభాల్న ఫైలు ముందు పెట్టాడు. కోదండపాణి పెన్ను తీశాడు. కాగితం మీద ఆనించబోయి ఆగి, మళ్ళీ ఒకసారి అద్దంలోకి చూసుకున్నాడు. మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"వెనుక భాగమున కొంచెము ఎక్కువ తీసితివేమో."

ఆ మాట వినగానే అప్పలకొండ నోరు అలవాటు చొప్పున తనంతట తనే కదిలింది. "పదేను రోజుల్లో ఎదిగొచ్చెత్తాది బాబూ," అనేశాడు.

వరాహమూర్తి మొహం వెలిగింది. "అట్లయిన సార్, పదిహేను దినముల అనంతరము పునఃపరిశీలన అని నమోదు చేసెదను. ఎదుగుదలను గమనించిన మీదట సంతకము—"

అప్పలకొండకి కాళ్ళ కింద బండి కదిలినట్టయింది. తన నాలికని అతను ఆ క్షణంలో తిట్టుకున్నంతగా జన్మలో ఎవర్నీ తిట్టలేదు. పదిహేను రోజులు! రేపు పదిగంటలకే కదా యంత్రం!

కోదండపాణి వరాహమూర్తివైపు తిరిగాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆఫీసువాళ్ళెవరూ ఆయన నోట వినని భాష, ఆయన పుట్టిన ఊరి భాష, అప్పుడు బయటికొచ్చింది.

"నోరుమూసుకోవయ్యా! రేపు దీన్ని తుక్కు సేసేత్తే, పదేను రోజులకి నాకు కటింగెవుడు సేత్తాడు?" అని సంతకం పెట్టేశాడు.